సోషలిస్టు దేశాల వ్యభిచార, డ్రగ్స్ చట్టాలను ఎలా చదవాలి

చైనాలో సెక్స్ వర్క్ నేరమా అని తేల్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఆ దేశపు శిక్షాస్మృతి తెరుస్తారు. సుఖవ్యాధి ఉందని తెలిసీ చేసినవాళ్ల గురించిన ఆర్టికల్ 360 లాంటిది తప్ప, అమ్మినవాళ్లకో కొన్నవాళ్లకో శిక్ష వేసే మాట అందులో దొరకదు. దాంతో ‘అక్కడ నేరం కాదట’ అని రాసేస్తారు. లా విద్యార్థుల ప్రాజెక్టుల్లోనూ, వెబ్ వార్తల్లోనూ కనబడే తప్పుల్లో ఇదే పెద్దది. చైనా, వియత్నాం లాంటి దేశాల్లో శిక్షలు రెండు పుస్తకాల్లో ఉంటాయి. ఒకటి శిక్షాస్మృతి, దాని పని కోర్టుల్లో. రెండోది పరిపాలనా శిక్షల చట్టం, దాని పని చాలావరకు పోలీసుల చేతుల్లో. రెండోది తెరవకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

మొదట రెండో పుస్తకం పట్టుకోండి

చైనాలో దాని పేరు ప్రజా భద్రతా పరిపాలన శిక్షల చట్టం. 2006 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన పాఠంలో ఆర్టికల్ 66 ప్రకారం అమ్మినవాళ్లకీ కొన్నవాళ్లకీ శిక్ష ఒకటే: మామూలుగా 10 నుంచి 15 రోజుల నిర్బంధం, దానిపై 5,000 యువాన్ల దాకా జరిమానా వేయొచ్చు. ఈ శిక్ష వేసేది జడ్జి కాదు, పోలీసు శాఖే. కోర్టుకు వెళ్లే హక్కు ఉంది కానీ అది శిక్ష పడ్డాక. ఈ చట్టాన్ని 2025లో సవరించారు, కొత్త పాఠం 2026 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆర్టికల్ నంబర్లు జరిగాయి కాబట్టి మీ చేతిలోని అనువాదంలో ఇంకా 66 అనే ఉంటే అది పాతదని గుర్తు.

వియత్నాంలో ఈ పని డిక్రీలతో, అంటే ప్రభుత్వం జారీచేసే ఉత్తర్వులతో నడుస్తుంది. 2021లో వచ్చిన 144వ నంబరు డిక్రీలో కొన్నవాడికి 10 నుంచి 20 లక్షల డాంగ్‌లు, అమ్మిన మనిషికి 3 నుంచి 5 లక్షల డాంగ్‌లు జరిమానా ఉండేది. 2025 డిసెంబరులో దాని స్థానంలో కొత్త డిక్రీ వచ్చింది. లక్షలు చూసి కంగారు పడొద్దు, 10 లక్షల డాంగ్‌లంటే మన లెక్కలో మూడు వేల రూపాయల పైచిలుకు. చూడాల్సింది ఎవరి మీద ఎక్కువ భారం పెట్టారన్నది. డిక్రీలను కొన్నేళ్లకోసారి మార్చేస్తుంటారు, కాబట్టి మీరు రాసేనాటికి ఏది అమల్లో ఉందో చూసుకోవాలి.

తర్వాత నడిపించేవాళ్ల ఆర్టికల్స్

ఇక్కడికొచ్చేసరికి శిక్షాస్మృతి ఒక్కసారిగా కఠినమవుతుంది. చైనాలో వ్యభిచారం నిర్వహిస్తే, లేదా బలవంతంగా చేయిస్తే, ఆర్టికల్ 358 కింద 5 నుంచి 10 ఏళ్లు. తీవ్రమైతే 10 ఏళ్ల పైన, యావజ్జీవం దాకా. 2015 సవరణ వరకు ఇదే నేరానికి మరణశిక్ష కూడా ఉండేది. తార్చినా, చోటిచ్చినా ఆర్టికల్ 359. వియత్నాంలో చోటివ్వడం 327, మధ్యవర్తిత్వం 328. ఆర్టికల్ 329ని మాత్రం వదలకండి: అవతలి మనిషికి 18 ఏళ్లు నిండకపోతే కొన్నవాడి వ్యవహారం జరిమానాతో పోదు, జైలే.

జైలూ జరిమానా కాని మూడో దారి

1949 నవంబరులో బీజింగ్‌లో ఒక్క రాత్రిలో 224 వ్యభిచార గృహాలు మూసి, అక్కడి స్త్రీలను పునఃశిక్షణకు పంపారు. ఈ అలవాట్లు పాత సమాజం వదిలిపోయిన మురికి, మనిషిని పనితో, పాఠంతో బాగుచేయాలి అన్నది సిద్ధాంతం. దాన్నుంచి పుట్టిన నిర్బంధాలను చట్టం ‘శిక్ష’ అనదు, అందుకే శిక్షల పట్టికలో వెతికితే దొరకవు. చైనాలో ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఉంచే ‘నిర్బంధ విద్య’ అలాంటిదే. 2019 డిసెంబరులో రద్దయింది. క్యూబాలో ఒళ్లమ్ముకోవడం దానంతట అది నేరం కాదు, కానీ నేరం చేయకముందే ‘సంఘానికి ప్రమాదకర స్థితి’ అని ముద్రవేసి నాలుగేళ్ల దాకా బంధించే వీలుండేది. 2022 డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో అది లేదు. సోవియట్ రష్యాలో 1961 నుంచి, పనిచేయకుండా బతికేవాళ్ల మీద తెచ్చిన ‘పరాన్నజీవి’ చట్టం ఈ పనికీ వచ్చేది. ఇవి ఇప్పటికీ నడుస్తున్నట్టు రాసే వ్యాసాలు కోకొల్లలు. అమలు తేదీతో పాటు రద్దు తేదీ కూడా పక్కన రాసుకోండి.

డ్రగ్స్: గ్రాముల పట్టిక గీయండి

చైనాకు మూడు గడులు చాలు. అమ్మకం, రవాణా, తయారీ ఆర్టికల్ 347 కిందికి వస్తాయి, కనీస పరిమాణమంటూ లేదు. 50 గ్రాముల హెరాయిన్ లేదా మెథ్ (మెథాంఫెటమిన్), లేదా కిలో నల్లమందు, అంతకు మించి ఉన్నా 15 ఏళ్లు, యావజ్జీవం లేదా మరణశిక్ష. దగ్గర ఉంచుకోవడం ఆర్టికల్ 348, హెరాయిన్‌కు 10 గ్రాముల నుంచి మొదలు. అంతకు తక్కువైతే రెండో పుస్తకంలోకి వెళుతుంది.

ఇక్కడ మనవాళ్లు పడే గుంట ఒకటుంది. మన మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో హెరాయిన్ 5 గ్రాములు చిన్న పరిమాణం, 250 గ్రాములు వాణిజ్య పరిమాణం. ఆ లెక్క తలలో పెట్టుకుంటే 50 గ్రాములు మధ్యస్థంగా కనబడుతుంది, అక్కడ అది ప్రాణం మీదికి వచ్చే గీత. కల్తీ తీసేసి అసలు సరుకు బరువే లెక్కిస్తారనీ అనుకోవద్దు. ఆర్టికల్ 357 ప్రకారం స్వచ్ఛత చూడరు, మొత్తం తూకమే. మన సుప్రీంకోర్టు కూడా 2020లో హీరా సింగ్ కేసులో ఇదే మాట చెప్పింది.

వాడకం గడి విడిగా పెట్టండి. చైనాలో వాడటం నేరం కాదు, పరిపాలనా నిర్బంధం 15 రోజులకు మించదు. అయితే 2008 మాదకద్రవ్యాల నిరోధక చట్టం కింద వ్యసనపరుడని తేలితే రెండేళ్ల నిర్బంధ చికిత్స, మరో ఏడాది పొడిగింపు ఉండొచ్చు. ‘పదిహేను రోజులే’ అని రాసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు.

వియత్నాంలో హెరాయిన్ దగ్గర ఉంచుకోవడానికి గీత 0.1 గ్రాము. 2025 జులై 1 నుంచి రెండు మార్పులొచ్చాయి: రవాణాకు మరణశిక్ష తీసేశారు, చికిత్సలోనో, ఆ తర్వాతి పర్యవేక్షణలోనో ఉన్నవాళ్లు మళ్లీ వాడితే అది తిరిగి నేరమైంది. మొదటిది చూసి ‘వియత్నాంలో డ్రగ్స్‌కు మరణశిక్ష లేదు’ అని శీర్షిక పెట్టకండి, అమ్మకానికి అది అలాగే ఉంది.

విదేశీయుల గడి

ఎంబీబీఎస్‌కో, టూర్‌కో వెళ్లేవాళ్ల కోసం రాస్తుంటే ఇది తప్పనిసరి. రెండు దేశాల్లోనూ పరిపాలనా శిక్షకు తోడు దేశం నుంచి పంపేయొచ్చు. చైనాలో బహిష్కరణ వేస్తే 10 ఏళ్లు తిరిగి రానివ్వరు. పట్టుబడిన మనిషికి 1963 వియన్నా ఒప్పందం కింద భారత కాన్సులేట్‌కు కబురు పెట్టించుకునే హక్కుంది, నోరు తెరిచి అడగాలి. దుభాషి లేకుండా, చదవలేని కాగితం మీద సంతకం పెట్టకూడదు.