'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది' అని పాప్-అప్ వస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు

తెర నిండా ఎర్రటి హెచ్చరిక, చెవులు దిమ్మెక్కే సైరన్, 'వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని పెద్ద అక్షరాలు. అడ్రస్ బార్ కనబడదు, మౌస్ బాణం కూడా ఒక్కోసారి మాయమవుతుంది. భయపడకండి, ఇదంతా ఒక మామూలు వెబ్ పేజీ చేయగలిగిన పనే. బ్రౌజర్‌లో తెరుచుకున్న పేజీకి మీ డిస్క్‌లోని ఫైళ్లను స్కాన్ చేసే శక్తి ఉండదు. అక్కడ పరుగెత్తే శాతం అంకెలు ముందే గీసిపెట్టిన బొమ్మ. తమ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. నంబరు కనబడిందంటే అది మోసమే.

బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తుంటే, హెచ్చరిక కనబడినంత మాత్రాన సాధారణంగా ఏమీ సోకదు. ఆ తర్వాత మన చేత్తో చేయించే పని వల్లే ముప్పు.

కాబట్టి పాప్-అప్ లోపల ఏదీ నొక్కొద్దు. 'క్యాన్సిల్' బటన్, మూలనున్న ఇంటూ గుర్తు కూడా బొమ్మలో భాగమే కావచ్చు. ఎస్కేప్ కీని రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. ఒకసారి తట్టి వదిలేస్తే కొన్ని పేజీలు ఫుల్‌స్క్రీన్ వదలవు. అడ్రస్ బార్ తిరిగి రాగానే ట్యాబ్ మూసేయండి. అప్పటికీ కదలకపోతే, విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ పేరు ఎంచుకుని 'ఎండ్ టాస్క్' ఇవ్వండి. మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్, ఎస్కేప్ నొక్కి 'ఫోర్స్ క్విట్' చేయాలి. మళ్లీ తెరిచినప్పుడు 'పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా' అని అడిగితే వద్దనండి. అడగకుండానే అదే పేజీ వస్తుంటే, ముందు ఇంటర్నెట్ ఆపి, బ్రౌజర్ తెరిచి, ఆ ట్యాబ్ తీసేయండి.

ఈ మధ్య ఇంతకంటే ప్రమాదకరమైన రకం ఒకటి వస్తోంది. ఇందులో సైరన్ ఉండదు. 'మీరు రోబో కాదని నిరూపించండి' అనే పెట్టె (క్యాప్చా), టిక్ పెట్టగానే మూడు సూచనలు: విండోస్ కీతో ఆర్ నొక్కండి, కంట్రోల్‌తో వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. మీరు టిక్ పెట్టిన క్షణంలోనే పేజీ ఒక కమాండ్‌ను (కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాన్ని) మీ క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసినవి నిలిచే చోటికి, కాపీ చేసేసింది. విండోస్, ఆర్ కీలతో తెరుచుకునే రన్ పెట్టె ఇరుకుగా ఉంటుంది కాబట్టి, పేస్ట్ చేశాక వాక్యం చివర ఉన్న 'వెరిఫికేషన్' లాంటి అమాయకపు మాటలే కనబడి, అసలు కమాండ్ ఎడమవైపు దాగిపోతుంది. అదే నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూస్తే మొదట్లోనే 'పవర్‌షెల్' అనో 'ఎంఎస్‌హెచ్‌టీఏ' అనో, విండోస్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్ పేరు బయటపడుతుంది. ఎంటర్ కొడితే బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులను, లాగిన్ కుకీలను (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లకు గుర్తుచేసే చిన్న ఫైళ్లను) ఎత్తుకుపోయే ప్రోగ్రామ్ దిగవచ్చు. మ్యాక్‌లో ఇదే పనికి, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ అనే యాప్ తెరవమంటారు. నిజమైన క్యాప్చా ఏదీ మిమ్మల్ని బ్రౌజర్ దాటి బయటికి వెళ్లమనదు.

పేజీ మూసేసినా తెర మూలన హెచ్చరికలు వస్తూనే ఉన్నాయా? అది చాలాసార్లు వైరస్ కాదు. ఎప్పుడో ఒక సైటుకు 'అలౌ' నొక్కి నోటిఫికేషన్లకు అనుమతి ఇచ్చి ఉంటారు. యాంటీవైరస్‌తో ఎన్నిసార్లు వెతికినా ఇది దొరకదు. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి, అనుమతి ఉన్న జాబితాలో తెలియని సైట్లన్నీ తీసేయండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే క్రోమ్‌ను ఫోర్స్ స్టాప్ చేసి, క్యాషే (తాత్కాలికంగా దాచిన డేటా) క్లియర్ చేసి, మళ్లీ తెరిచినప్పుడు ఆ ట్యాబ్ మూసేయండి. 'క్లీనర్' పేరుతో ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దిగితే ఇన్‌స్టాల్ చేయకుండా తుడిచేయండి. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' దగ్గర క్రోమ్‌కు అనుమతి లేకుండా చూసుకోండి. నోటిఫికేషన్లు తీసేశాక కూడా, బ్రౌజర్ మూసి ఉన్నప్పుడు తెరంతా ప్రకటనలు కమ్మేస్తుంటే కారణం ఏదో యాప్. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవని స్థితిలో) తెరిచి, కొత్తగా చేరినవి తొలగించండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే, ముందు 'డివైస్ అడ్మిన్ యాప్స్'లో దాని అధికారం తీసేయాలి. ఐఫోన్‌లో సఫారీ సెట్టింగ్స్‌కు వెళ్లి హిస్టరీ, వెబ్‌సైట్ డేటా తుడిచి, 'బ్లాక్ పాప్-అప్స్' ఆన్ చేస్తే చాలావరకు సరిపోతుంది. క్యాలెండర్‌లో వైరస్ హెచ్చరికలు వస్తుంటే, ఆ క్యాలెండర్ సబ్‌స్క్రిప్షన్‌ను తొలగించండి.

పొరపాటు జరిగిపోతే వేగం ముఖ్యం. కమాండ్ నడిపినా, ఎనీడెస్క్ లాంటి యాప్‌తో ఎవరికైనా మీ తెర అప్పగించినా, మొదట ఇంటర్నెట్ తెంచేయండి. రిమోట్ యాప్‌ను తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, సుమారు 15 నిమిషాలు పడుతుంది. పాస్‌వర్డులు ఆ కంప్యూటర్‌లో కాకుండా వేరే పరికరంలో మార్చాలి. మిగతా ఖాతాల రీసెట్ లింకులన్నీ మెయిల్‌కే వస్తాయి కాబట్టి మొదట మార్చాల్సింది మెయిల్‌దే, తర్వాత బ్యాంకుది. కుకీలు పోయి ఉంటే, పాస్‌వర్డు మార్చినా దొంగ లోపలే ఉండిపోవచ్చు. అందుకే ప్రతి ఖాతాలోనూ 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' కూడా నొక్కండి. కార్డు వివరాలు చెప్పి ఉంటే బ్యాంకుకు వెంటనే ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. నంబరు మాత్రం కార్డు వెనక ఉన్నదే వాడండి.