పాత ఇంట్లో గునపం దింపే ముందు

పాత ఇంటిని బాగు చేయించే పని ఏళ్ల తరబడి వాయిదా పడుతూనే ఉంటుంది. పిల్లల చదువులు, ఒకరి అనారోగ్యం, ఇంకొకరి పెళ్లి. చివరికి ఒకరోజు స్లాబ్ నుంచి అరచేతంత పెచ్చు ఊడి మంచం మీద పడుతుంది. ఇక అక్కణ్ణుంచి ఒకటే తొందర. మేస్త్రీకి కబురు పెట్టడం, టైల్స్ చూసి రావడం, వచ్చే సోమవారం పని మొదలు. ఇరవై ఏళ్లు ఆగిన పనికి ఇరవై రోజులు చూసుకునే వ్యవధి కూడా ఇవ్వం. నేను దగ్గరగా చూసిన నష్టాల్లో చాలావాటికి మూలం ఈ తొందరే. అందుకే నా మాట ఒక్కటే: వెంటనే కూలే ప్రమాదం లేకపోతే, ఏదైనా పగలగొట్టే ముందు ఒక వానాకాలం మొత్తం ఆ ఇంటిని గమనించండి.

వాన పడుతున్నప్పుడు టార్చి పట్టుకుని ప్రతి గదీ తిరగండి. చెమ్మ పైనుంచి కిందికి దిగుతోందా, నేల నుంచి పైకి ఎక్కుతోందా చూడండి. రెండింటికీ మందు వేరు. పైనుంచి దిగేది స్లాబ్ నుంచో, పైపు నుంచో, సన్‌షేడ్ నుంచో వస్తుంది. నేల నుంచి నడుము ఎత్తు దాకా గోడ నిమ్మెక్కి, పైన తెల్లగా ఉప్పు పొంగుతుంటే అది చాలావరకు భూమిలోంచి వచ్చే తేమే. ఎన్నిసార్లు రంగు వేసినా మళ్లీ పొంగుతుంది.

పగుళ్లు కూడా అంతే. పగులు ఆగిన చోట పెన్సిల్‌తో ఒక అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. నెలకోసారి చూడండి. గీత దాటి ముందుకు పాకిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట. దాని మీద పుట్టీ పెట్టి మూసేస్తే డబ్బు దండగ. వెంట్రుక మందాన ప్లాస్టింగ్ మీద పాకే గీతలకు భయపడక్కర్లేదు. ఇటుక వరసల వెంట మెట్లుమెట్లుగా దిగే పగులు, ఒక చివర సన్నగా మరో చివర వెడల్పుగా ఉండే పగులు, 5 మిల్లీమీటర్లు దాటిన పగులు కనిపిస్తే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాల్సిందే.

మా ఇంటి విషయంలో మేం ఈ ఓపిక పట్టలేదు. అవి సున్నంతో కట్టిన గోడలు. వంటగది గోడ పెచ్చులు ఊడుతోందని, గట్టిగా ఉంటుంది కదా అని సిమెంటు ప్లాస్టింగ్ చేయించాం. రెండేళ్లు తిరక్కుండానే అది బుడ్డలు బుడ్డలుగా ఉబ్బింది. గీకి చూస్తే లోపల ఇటుక వేళ్ల మధ్య పొడిలా రాలింది. సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు పొర వేస్తే ఆ తేమకు దారి మూసుకుపోతుంది. లోపలే ఉండి, ఉప్పు గడ్డకట్టి ఇటుకను తినేస్తుంది. సున్నపు గోడకు సున్నపు పూతే వేయించండి. పైన వేసే రంగు కూడా గోడకు గాలి ఆడనిచ్చేది అయి ఉండాలి.

రెండు చిన్న గదులు కలిపి ఒక హాలు చేద్దామని అందరికీ ఉంటుంది. "ఇది నాలుగున్నర అంగుళాల గోడేనండీ, తీసేయొచ్చు" అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. మందం ఒక్కటే చూసి చెప్పే విషయం కాదిది. పాత ఇళ్లలో స్లాబ్ ఏళ్ల మీద కొంచెం కిందికి జారి, మొదట ఏ బరువూ లేని సన్న గోడ మీద కూర్చుని ఉండొచ్చు. ఆ గోడకు సరిగ్గా పైన ఏముందో చూడాలి: ఇంకో గోడా, దూలమా, నీళ్ల ట్యాంకా? ఇంజనీరు చూసి సరేనన్నాక కూడా ముందు రెండు వైపులా జాకీలు నిలబెట్టి, వాటి కింద బరువు పరుచుకునేలా మందపాటి చెక్కలు వేసి, బీమ్ ఎక్కించాకే గోడ తీయాలి. కొత్తగా పోసిన బీమ్ కింద సపోర్టులు త్వరగా లాగేయనివ్వకండి. పొడవైన బీమ్‌లకు మూడు వారాలు కూడా పడుతుంది.

స్లాబ్‌ను చిన్న సుత్తితో అడుగడుక్కీ తట్టి చూడండి. బాగున్నచోట టక్కుమని గట్టి శబ్దం వస్తుంది. డొల్లగా ఉన్నచోట ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. అక్కడ లోపల చువ్వలు తుప్పు పట్టి ఉండొచ్చు. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపల్నుంచి నెట్టేస్తుంది. అలాంటి స్లాబ్ మీద కొత్త గది గురించి ఆలోచించే ముందు బరువుల లెక్క ఒకసారి చూసుకోండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే ఒక టన్ను. ఒక ఘనపు మీటరు ఇసుక సుమారు టన్నున్నర. పని జరిగేటప్పుడు ఇసుక, పగలగొట్టిన పెళ్లలు పై అంతస్తులో ఒకేచోట కుప్ప పోయడం చాలా మామూలుగా చేస్తుంటారు. ఆ అలవాటును మొదటిరోజే ఆపించండి. ఏ రోజు పెళ్లలు ఆ రోజు కిందికి దిగిపోవాలి.

దుమ్మును మనవాళ్లం తేలిగ్గా తీసుకుంటాం. కానీ పాత ఇంటి దుమ్ము వేరు. పాత సిమెంటు రేకుల్లో, కొన్ని పాత పైపుల్లో ఆస్‌బెస్టాస్ అనే పోగుల ఖనిజం ఉండొచ్చు. కదపకుండా ఉన్నంతవరకు దానివల్ల ప్రమాదం తక్కువ. కోసినా, పగలగొట్టినా, డ్రిల్ వేసినా కంటికి కనపడని పోగులు గాల్లో లేచి ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. దానివల్ల వచ్చే క్యాన్సర్ ఇరవై, నలభై ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లతోనే చేయించాలి. రేకును నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా నిండుగా దింపాలి. మామూలు గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. పాత తలుపులు, కిటికీల మీద పొరలు పొరలుగా ఉన్న రంగులో సీసం ఉండొచ్చు. సీసానికి హాని చేయని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రంగును పొడిగా సాన పట్టించకండి, మంట పెట్టి కాల్చనివ్వకండి, తడిపి గీకించండి. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉండకూడదు. ఈ విషయంలో సర్దుకుపోవద్దని బతిమాలి చెబుతున్నాను.

కరెంటు విషయంలో మెయిన్ ఆపేశాం కదా అనుకోవద్దు. పాత ఇంట్లో ఎప్పుడో, ఎవరో పక్క లైన్ నుంచి ఒక వైరు లాగి ఉంటారు. ఇన్వర్టర్ లైను వేరే ఉంటుంది. కొన్నిచోట్ల స్విచ్ ఫేజ్‌కు, అంటే కరెంటు వచ్చే వైరుకు, కాకుండా న్యూట్రల్‌కు వేసి ఉంటుంది, లైటు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. గోడ తవ్వే ముందు టెస్టర్‌ను కరెంటు ఉన్నచోట పెట్టి పనిచేస్తోందో లేదో చూసి, తర్వాత తవ్వబోయే చోట చూసి, మళ్లీ కరెంటు ఉన్నచోట చూడండి. ఎర్తింగ్ లేని రెండు వైర్ల పాత వైరింగ్‌కు అతుకులు వేయకుండా మొత్తం మార్పించండి. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి.

పాత సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్కరికే గుర్తుంటుంది. పని మొదలవకముందే వాళ్లను అడిగి నేల మీద గుర్తు పెట్టించండి. దాని కప్పు మీద లారీ ఎక్కకూడదు, ఇటుకలు పేర్చకూడదు. ఎన్నేళ్లుగా వాడనిదైనా మనిషిని అందులోకి దించనేకూడదు. లోపలి విషవాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియకుండా పోతుంది. పడిపోయినవాడిని తీయడానికి దిగినవాళ్లూ ఒకరి వెంట ఒకరు పోతుంటారు.

బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, నేలంతా నీళ్లు కట్టి కనీసం ఒక రోజంతా ఉంచి కింద గది సీలింగ్ చూడండి. ఒక్క రోజు ఆలస్యం, అంతే.

డబ్బు దగ్గర, అనుకున్న దానికి పైన ఐదో వంతు విడిగా పెట్టుకోండి. దాన్ని టైల్స్ చూసి మురిసిపోయి ఖర్చు పెట్టేయకండి. గోడ తెరిచాకే చెద కనిపిస్తుంది, పైపు లోపల తుప్పు కనిపిస్తుంది. ఏ పని, ఏ మెటీరియల్, ఎన్ని రోజులు అన్నది కాగితం మీద ఉండాలి. పని జరిగినంతవరకే డబ్బు ఇవ్వండి, చివరి విడత లోపాలన్నీ సరిచేశాకే. ఇల్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ఉమ్మడిదైతే అందరి ఒప్పుకోలూ ముందే రాయించుకోండి. ఇంటి దగ్గర మొదలైన పనికి ఫోన్‌లో అభ్యంతరం వస్తే అందరి మనసులూ నొచ్చుకుంటాయి.

ప్లాన్ గీయించేటప్పుడు ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లతో కలిసి రాత్రిపూట మంచం నుంచి బాత్‌రూమ్ దాకా ఒకసారి నడవండి. మా ఇంట్లో ఆ దారి పక్క గోడ మీద, నడుముకు కొంచెం పైన, పొడవుగా ఒక మాసిన చార ఉండేది. రంగు వేసేవాళ్లు దాన్ని మురికి అనుకున్నారు. అది మా అమ్మ చేయి ఆనించుకుంటూ నడిచిన గుర్తు. పట్టుకునే కమ్మీ ఎక్కడ పెట్టాలో, ఏ ఎత్తులో పెట్టాలో ఆ చారే చెప్పింది. గోడ డొల్లగా ఉంటే కమ్మీ ఊడి వస్తుంది కాబట్టి అక్కడ ప్లాస్టింగ్ తీసి గట్టిగా కట్టించి మరీ బిగించాం. గడప తీసేయించి తలుపు వెడల్పు చేయించాం.

ఇక ప్లాస్టింగ్ మొదలయ్యే ముందు రోజు, గోడల్లో పైపులు, వైర్లు బయటికి కనిపిస్తున్నప్పుడే, కొలత టేపును గోడకు ఆనించి పెట్టి ప్రతి గోడనూ ఫోటో తీయండి. నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో ఉన్నాయో అంకెలు కనపడాలి. వాటిని ప్రింట్లు తీయించి ఇంటి కాగితాలతో కలిపి ఉంచండి.