ఏడవ అవెన్యూ ఫుట్‌పాత్‌లోని డిజైనర్ల ఫలకాలను చూసే పద్ధతి

న్యూయార్క్‌లో మాన్‌హాటన్ ఏడవ అవెన్యూకు ఫ్యాషన్ అవెన్యూ అనే మరో పేరు ఉంది. ఆ వీధి తూర్పు వైపు ఫుట్‌పాత్‌లో, దానికి అడ్డంగా వచ్చే 35వ వీధి నుంచి 41వ వీధి వరకు, అమెరికా దుస్తుల డిజైనర్ల గౌరవార్థం గుండ్రని కంచు ఫలకాలను అమర్చారు. ఫ్యాషన్ వాక్ ఆఫ్ ఫేమ్ అని పిలిచే ఈ వరుసలో మొదటి ఫలకాలను 2000లో ప్రతిష్ఠించారు. ఫలకంపై ఒక దుస్తు రేఖాచిత్రం, డిజైనర్ సంతకం ఉంటాయి. చాలామంది పేరు మాత్రం చదివి సాగిపోతారు. కాని అసలు చదవవలసింది ఆ గీతను.

అందుకు ముందుగా కొంత సిద్ధపడాలి. నలుగురైదుగురు డిజైనర్లను ఎంచుకొని, ఒక్కొక్కరి దుస్తుల ఫొటోలను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ కళా మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసి వెళ్లండి. ఎవరిని ఎంచుకోవాలో తోచకపోతే, 1973 నవంబరు 28న ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదంలో ఐదుగురు ఫ్రెంచి డిజైనర్లకు దీటుగా తమ దుస్తులను ప్రదర్శించిన ఐదుగురు అమెరికన్లతో ప్రారంభించమని నా సలహా: హాల్‌స్టన్, బిల్ బ్లాస్, ఆస్కార్ డి లా రెంటా, ఆన్ క్లైన్, స్టీఫెన్ బరోస్. ఐదుగురి ఫలకాలూ ఈ వరుసలోనే ఉన్నాయి.

34వ వీధిలోని పెన్ స్టేషన్ సబ్‌వే (భూగర్భ రైలు) స్టాప్‌లో దిగి ఉత్తరంగా నడిస్తే వరుస మొత్తం అర కిలోమీటరుకు మించదు. పని దినాలలో జనం తొక్కిడి ఎక్కువ కనుక ఆదివారం ఉదయం మేలు. వెలుతురు ముఖ్యమనుకునేవారు మాత్రం మధ్యాహ్నం దాటిన వెంటనే వెళ్లాలి. మాన్‌హాటన్ అవెన్యూలు అసలు ఉత్తర దిక్కు నుంచి దాదాపు 29 డిగ్రీలు తూర్పుకు ఒరిగి ఉండడం వల్ల, సూర్యుడు నైరుతికి మళ్లినప్పుడే ఎండ భవనాల మధ్య నుంచి అవెన్యూ పొడవునా పడుతుంది. శీతకాలంలో ఆ ఎండ మరింత ఏటవాలుగా వస్తుంది కాబట్టి గీతల ఎత్తుపల్లాలు స్పష్టంగా తేలుతాయి.

ఫలకం దగ్గర దారికి అడ్డం కాకుండా నిలబడి, పేరు చూడకముందే బొమ్మను పరిశీలించండి. గుడ్డ బరువు భుజాల మీద ఉందా, నడుము మీద ఉందా? దుస్తు ఎక్కడ వెడల్పవుతుంది? చేతులకు, నడకకు చోటు ఉందా? ఈ ప్రశ్నలకు క్లేర్ మెకార్డెల్ ఫలకం ఎంతో అనువైనది. ఇంటిపని తామే చేసుకునే స్త్రీల కోసం 1942లో ఆమె రూపొందించిన పాపోవర్ డ్రెస్ చుట్టి కట్టుకునేది, పెద్ద జేబు ఉన్నది. అలంకారానికన్నా ధరించే మనిషి సౌకర్యమే ముఖ్యమని భావించిన ఆమె పట్ల నాకు అపారమైన గౌరవం. బోనీ క్యాషిన్ దుస్తులను, సంచులను తిప్పి మూసే ఇత్తడి బిగింపులతో గుర్తించవచ్చు. పోలిన్ ట్రిజేర్ పేరు కనిపించినప్పుడు మాత్రం, ఆమె కాగితం మీద గీయకుండా నేరుగా గుడ్డను కత్తిరించి దుస్తుకు రూపమిచ్చేవారన్న సంగతి గుర్తు చేసుకోవాలి.

39వ వీధి దగ్గర జూడిత్ వెల్లర్ మలచిన కంచు విగ్రహం ఉంది: కుట్టుమిషను ముందు వంగి కూర్చున్న దర్జీ. డిజైనర్ల గీతలను దుస్తులుగా మార్చిన వేలాది కార్మికులకు గుర్తు అది. దానిని చూడకుండా వెళ్తే ఫలకాల కథ సగమే తెలిసినట్లు.

ఫొటో తీసేటప్పుడు ఫలకానికి ఉత్తరం వైపు నిలబడితే మీ నీడ దానిపై పడదు. ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టుకొని మొత్తం వలయాన్ని ఒకసారి, బొమ్మను దగ్గరగా మరొకసారి తీయండి. దగ్గరలోని అడ్డ వీధి సంఖ్యను అక్కడికక్కడే రాసుకోండి, ఎందుకంటే ఇంటికి వచ్చాక ఫలకాలన్నీ ఒకేలా కనిపించి, ఏది ఎక్కడిదో తేల్చుకోవడం కష్టమవుతుంది.