టెక్సాస్‌లో మందు పోసే హోటల్: తాగినవాడి కేసు మీ మెడకు చుట్టుకోకుండా

డాలస్, హ్యూస్టన్ వైపు బీరు, విస్కీ లైసెన్సుతో హోటల్ నడిపే మనవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ‘డ్రామ్ షాప్’ చట్టం, అంటే ఆల్కహాలిక్ బెవరేజ్ కోడ్ 2.02 సెక్షన్. తనకూ ఇతరులకూ ప్రమాదమయ్యేంత మత్తులో ఉన్నాడని పోసేటప్పుడే కంటికి తెలుస్తున్నా పోస్తే, ఆ మత్తు వల్ల దారిలో ఎవరికి దెబ్బ తగిలినా మీ మీద దావా వెయ్యొచ్చు. పోసిన సర్వర్ మీద విడిగా క్రిమినల్ కేసు: మొదటిసారి 100–500 డాలర్ల జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

ఇక్కడ కీలకం పోసిన ఆ క్షణం. మాట ముద్దకట్టడం, జేబులోనే ఉన్న కార్డు కోసం వెతకడం, బిల్లు మీద సంతకం గీత దాటిపోవడం సర్వర్ గమనించాలి.

ఎన్ని డ్రింకులు పోశారో లెక్క టేబుల్‌కి కాదు, మనిషికి రాయండి. 350 మి.లీ. మామూలు బీరు, 150 మి.లీ. వైను, 44 మి.లీ. విస్కీ: ఏదైనా ఒక డ్రింకు కిందే లెక్క. మన అలవాటు ప్రకారం 60 మి.లీ. లార్జ్ పోస్తే అది ఒకటింబావు పైమాటే. ఒంట్లోంచి దిగేది గంటకు సుమారు ఒకటి. కాఫీ, మంచినీళ్లు ఆ వేగాన్ని పెంచవు. లెక్క ఎక్కువగా తప్పేది షిఫ్టు మారేటప్పుడు. కౌంటర్ దగ్గర రెండు తాగి టేబుల్‌కొచ్చినవాణ్ని కొత్త సర్వర్ సున్నా నుంచి మొదలెడతాడు. అందుకే ఆ లెక్క రాసిన టికెట్ కూడా కొత్త సర్వర్ చేతికి మారాలి.

ఆపేటప్పుడు పక్కకు పిలిచి, “సార్, ఈ పూటకి ఇంక పోయలేను, క్యాబ్ పిలుస్తాను” అనండి. స్నేహితులు తమ గ్లాసు అందించకుండా చూడండి. తాళాలు తీసుకుని బయల్దేరితే కారు నంబరుతో 911కి చెప్పండి. టైము, ఎన్ని పోశారు, ఎవరు చూశారు అన్నీ అప్పుడే రాసిపెట్టండి.

ఉద్యోగి తప్పు యజమానికి అంటకుండా 106.14 సెక్షన్‌లో రక్షణ ఉంది: టీఏబీసీ (టెక్సాస్ మద్యం లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ) ఆమోదించిన శిక్షణను తప్పనిసరి చేయాలి, ఉద్యోగి నిజంగా హాజరై ఉండాలి, మీరు తప్పును ప్రోత్సహించి ఉండకూడదు. చేరిన 30 రోజుల్లో సర్టిఫికెట్ రావాలి, రెండేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. “రెగ్యులర్ కస్టమరే, పొయ్యి” అని మీరంటే మూడోది పోయినట్టే. మీరే స్వయంగా పోస్తే అసలు ఆ రక్షణ లేదు.

ప్రమాదం సంగతి తెలిసిన రోజే కెమెరా రికార్డింగ్, బిల్లులు దాచండి. దావాకు రెండేళ్ల గడువుంటుంది, రికార్డింగ్ అన్నాళ్లు ఉండదు. మామూలు వ్యాపార బీమాలో సాధారణంగా ఈ నష్టం రాదు, ‘లిక్కర్ లయబిలిటీ’ విడిగా తీసుకోండి.