పిల్లల ఆస్పత్రి బిల్లును అర్థం చేసుకోవడం ఎలా?

పిల్లాడు జ్వరం తగ్గి, తనంతట తాను ఇడ్లీ అడిగి తిన్న రోజు డాక్టర్ డిశ్చార్జి రాస్తారు. ఆ సంతోషంలో బిల్లింగ్ కౌంటర్‌కు వెళ్తే నాలుగైదు వరుసల కాగితం ఒకటి చేతిలో పెడతారు. రూం ఇంత, ఫార్మసీ ఇంత, ల్యాబ్ ఇంత, డాక్టర్ ఫీజు ఇంత. మొత్తం చూసి గుండె గుభేలుమంటుంది గానీ ఏది ఎందుకు పడిందో అందులో ఉండదు. వెనక క్యూ ఉంటుంది. భుజం మీద పిల్లాడు నిద్రపోతుంటాడు. ఎలాగోలా కట్టేసి ఇంటికి పోదాం అనిపిస్తుంది.

అందుకే నా మాట ఒకటే: ఈ బిల్లు డిశ్చార్జి రోజు కూర్చుని చదివేది కాదు. చేరిన రోజు నుంచే రోజూ కాస్త కాస్త చదవాలి. మా చెల్లి కొడుకు నాలుగేళ్లవాడు డెంగీతో ఐదు రోజులు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ పని నా మీద పడింది. అక్కడ నేర్చుకున్నదే ఎక్కువగా ఇక్కడ రాస్తున్నాను.

చేర్చే ముందు అడగాల్సినవి

రేషన్ కార్డు ఉంటే మొదట ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ రోగులకు ఆస్పత్రిలో సాయం చేసే ఉద్యోగి) డెస్క్ ఎక్కడుందో అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. పిల్లాడి జబ్బు పథకంలో ఉందా, ఈ ఆస్పత్రికి ఆ జబ్బుకు అనుమతి ఉందా అన్న రెండూ అడగాలి. పథకం కింద చేర్చుకున్నాక మళ్లీ మందులకని, పరీక్షలకని డబ్బు అడిగితే ఆరోగ్యమిత్రకు చెప్పండి, లేదా 104కు ఫోన్ చేయండి. డబ్బు కట్టే పేషెంటుగా చేరిపోయాక పథకంలోకి మార్చుకోవడం చాలా కష్టం. కాబట్టి ఈ ప్రశ్న అడ్వాన్స్ కట్టకముందే అడగాలి. ఏడాదిలోపు బిడ్డకు జబ్బు చేస్తే ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు, పరీక్షలు, రానుపోను రవాణా జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితమే. హైదరాబాద్ వాళ్లకు ప్రభుత్వ పిల్లల ఆస్పత్రి నిలోఫర్ ఉంది.

డబ్బు కట్టో, ఇన్సూరెన్స్ మీదో చేరుతుంటే ఎస్టిమేట్ కాగితం మీద అడగండి. దాంతోపాటు ఇంకో ప్రశ్న తప్పకుండా వేయండి: "రూం మారితే మిగతా రేట్లు కూడా మారతాయా?" చాలా ఆస్పత్రుల్లో మారతాయి. జనరల్ వార్డులో డాక్టర్ ఒకసారి చూసినందుకు ఒక రేటు, సింగిల్ రూంలో అదే డాక్టర్‌కు ఇంకో రేటు. నర్సింగ్ చార్జీ కూడా అంతే. పైగా రోజుకు 5,000 రూపాయలు దాటిన రూం అద్దె మీద 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. ఐసీయూ, నవజాత శిశువుల ఐసీయూలకు అది లేదు. "పిల్లాడికి సౌకర్యంగా ఉంటుంది" అని పెద్ద రూం తీసుకోవడం మామూలే, నేను కాదనను. కానీ ఆ ఒక్క నిర్ణయంతో బిల్లులో సగం వరుసలు పెరుగుతాయని తెలిసి తీసుకోవాలి.

రోజు లెక్క ఎప్పటి నుంచి ఎప్పటి వరకో కూడా అడగండి. కొన్నిచోట్ల చేరిన గంట నుంచి 24 గంటలు ఒక రోజు. కొన్నిచోట్ల మధ్యాహ్నం 12 దాటితే కొత్త రోజు. రాత్రి 11కి చేరితే ఈ తేడా ఒక రోజు అద్దె అవుతుంది.

ఒక నోటుబుక్కు, ఒక పెన్ను

ఇరవై రూపాయల నోటుబుక్కు కొనండి. రోజుకో పేజీ. ఏ డాక్టర్ ఎన్ని గంటలకు వచ్చారు, రక్తం ఎన్నిసార్లు తీశారు, ఏ ఇంజక్షన్ ఇచ్చారు, కొత్త కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి చేతికి పెట్టే సన్నని గొట్టం) ఎప్పుడు పెట్టారు, నెబులైజేషన్ (మాస్కుతో మందు పీల్పించడం) ఎన్నిసార్లు పట్టారు. వీటికి టైం వేయండి, చాలు. ఫార్మసీ నుంచి మందుల ట్రే వచ్చినప్పుడల్లా దాంతో వచ్చే చీటీని ఫోటో తీసి పెట్టుకోండి.

మా వాడి విషయంలో పద్దెనిమిదో తారీఖు బిల్లులో సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) మూడుసార్లు పడింది. డెంగీలో ప్లేట్‌లెట్లు, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూడటానికి ఈ పరీక్ష పదేపదే చేస్తారు, అందులో వింత లేదు. నా పుస్తకంలో మాత్రం ఒకటే ఉంది. వెళ్లి అడిగితే తేలింది ఇది. పొద్దున తీసిన రక్తం గడ్డకట్టడంతో ల్యాబ్ వాళ్లు మళ్లీ తీయించారు. నేను రాసుకున్నది ఆ రెండోదే. రిపోర్టు కూడా దానిదే వచ్చింది, డబ్బు మాత్రం రెండింటికీ పడింది. చిన్నపిల్లల నరాలు సన్నం, రక్తం చుక్కచుక్కగా వస్తుంది, ఇలా గడ్డకట్టడం మామూలేనట. గడ్డకట్టిన శాంపిల్ డబ్బు తీసేశారు. మూడోది మా పొరపాటు: తెల్లవారుజామున అయిదింటికి సిస్టర్ వచ్చి రక్తం తీసిందట, నేను పడుకుని ఉన్నాను. పుస్తకం ఉండబట్టి పోట్లాట లేకుండా రెండు నిమిషాల్లో తేలిపోయింది.

రోజూ సాయంత్రం ఇంటెరిమ్ (అప్పటిదాకా అయిన) బిల్లు

అడ్వాన్స్ అయిపోతుంటే ఆస్పత్రి వాళ్లే "ఇంకో ఇరవై వేలు కట్టండి" అని ఫోన్ చేస్తారు. అప్పటిదాకా ఆగకండి. సాయంత్రం కౌంటర్‌కు వెళ్లి "ఇప్పటివరకు అయిన బ్రేకప్ ఇవ్వండి" అని అడగండి. బ్రేకప్ అనే మాటే వాడండి. బిల్లు అంటే మళ్లీ ఆ నాలుగు వరుసల కాగితమే ఇస్తారు. బ్రేకప్‌లో తారీఖు వారీగా ప్రతి మందు, ప్రతి పరీక్ష, ప్రతి విజిట్ ఉంటుంది. ఇలా వివరంగా బిల్లు పొందడం రోగి హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇది ఉంది. మందులు, పరీక్షలు మనకు నచ్చిన చోట తీసుకునే హక్కు గురించీ అందులోనే ఉంది.

ఫార్మసీ పేజీలు: ఇక్కడ నిదానంగా

పిల్లల బిల్లుకూ పెద్దల బిల్లుకూ తేడా ఎక్కువగా ఇక్కడే. పిల్లలకు మందు బరువును బట్టి ఇస్తారు, సీసాలు మాత్రం చాలావరకు పెద్దవాళ్ల సైజులోనే వస్తాయి. జ్వరానికి నరానికెక్కించే పారాసిటమాల్ సీసా 100 మిల్లీలీటర్లు, అందులో 1,000 మిల్లీగ్రాముల మందు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 15 కిలోల పిల్లాడికి ఒక డోసు 225 మిల్లీగ్రాములు, అంటే 22.5 మిల్లీలీటర్లు. మిగతా ముప్పావు వంతుకు పైగా పారబోయడమే. అయినా బిల్లులో పూర్తి సీసా పడుతుంది. ఇది మోసం కాదు. ఒకసారి తెరిచిన సీసాను దాచి మళ్లీ వాడితే ఇన్‌ఫెక్షన్ భయం. కాబట్టి బిల్లులో ఆరు సీసాలుంటే ఆరు డోసులు ఇచ్చారా అని మాత్రం చూసుకోండి. నాలుగు డోసులకు ఆరు సీసాలుంటే అడగాలి.

వార్డుకు తెప్పించి వాడని మందులు ఫార్మసీకి వెనక్కి పోవాలి. ఆ డబ్బు బ్రేకప్‌లో "రిటర్న్స్" అని మైనస్ గుర్తుతో కనపడాలి. డిశ్చార్జి రోజు పొద్దునే సిస్టర్‌ను అడగండి: "సిస్టర్, వాడని మందులు రిటర్న్ పంపించారా?" చాలాసార్లు ట్రే ఇంకా నర్సుల గదిలోనే ఉంటుంది. ఫైనల్ బిల్లు అయ్యాక అది తిప్పడం అందరికీ తలనొప్పి.

రేటు సంగతి. ఎమ్మార్పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవడానికి ఏ ఆస్పత్రికీ వీల్లేదు. కానీ ఒకే మందు వేర్వేరు కంపెనీల పేర్లతో వేర్వేరు ఎమ్మార్పీలతో ఉంటుంది, ఆస్పత్రి ఫార్మసీలో తరచూ ఖరీదైన పేరే దొరుకుతుంది. ప్రభుత్వ "ఫార్మా సహీ దామ్" యాప్‌లో మందు పేరు కొడితే ఇతర కంపెనీల ధరలు కనపడతాయి. అది చూపించి ఇంజక్షన్ మార్చమని డాక్టర్‌తో వాదించకండి. ఇంటికి రాసే సిరప్‌లు మాత్రం బయట కొనుక్కోవచ్చు.

గ్లౌజులు, సిరంజిలు, కాటన్, శానిటైజర్ ఒక్కొక్కటి చిన్నవే. ఐదు రోజులకు కలిపితే చిన్నవి కావు. రోజుకు ఎన్ని గ్లౌజుల జతలు పడ్డాయో ఒక్కసారి లెక్కపెట్టండి.

ఇన్సూరెన్స్ ఉన్నా చేతి డబ్బు ఎందుకు పడుతుంది?

"క్యాష్‌లెస్ కదా" అనుకుని వెళ్లినవాళ్లకు ఇదే పెద్ద షాక్. కారణాలు ముఖ్యంగా రెండు.

మొదటిది రూం పరిమితి. పాలసీ 3 లక్షలు, రూం అద్దె పరిమితి 1 శాతం అనుకోండి. అంటే రోజుకు 3,000. మీరు 6,000 రూం తీసుకున్నారు. అద్దెలో తేడా మీరు కట్టడంతో ఆగదు. మీకు హక్కున్న అద్దె తీసుకున్న రూం అద్దెలో సగమే కాబట్టి, డాక్టర్ ఫీజు, నర్సింగ్ లాంటివి 40,000 అయితే అందులోనూ సగమే ఇస్తారు, మిగతా 20,000 మీ మీద పడుతుంది. మందులకు, పరీక్షలకు, ఐసీయూ చార్జీలకు ఈ కోత వర్తించదు. వాటిలోనూ కోసి ఉంటే టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) డెస్క్‌లో గట్టిగా అడగండి.

రెండోది ఇవ్వని వస్తువుల జాబితా. డైపర్లు, బేబీ ఫుడ్, థర్మామీటర్, నెబులైజర్ కిట్, మాస్కు వంటివి మామూలు పాలసీలు ఇవ్వవు. పిల్లల బిల్లులో సరిగ్గా ఇవే ఎక్కువ. డైపర్లు ఇంటి నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది. ఇంట్లో నెబులైజర్ మాస్కు ఉంటే అది వాడొచ్చా అని సిస్టర్‌ను అడగండి. ఫైలు ఓపెనింగ్ చార్జీ, చేతికి కట్టే పేరు పట్టీ, పల్స్ ఆక్సీమీటర్ చార్జీ లాంటివి విడిగా వేస్తే ఇన్సూరెన్స్ ఒప్పుకోదు, అవి రూం అద్దెలోనే కలిసి ఉండాలంటుంది. "ఇన్సూరెన్స్ ఇవ్వలేదు, మీరు కట్టండి" అన్నప్పుడు అవి ఏ వస్తువులో ఒక్కొక్కటిగా చూపించమనండి.

అప్పుడే పుట్టిన బిడ్డ అయితే ఇంకో చిక్కు. చాలా ఫ్యామిలీ పాలసీల్లో బిడ్డకు 90 రోజులు నిండాకే కవర్. ఆఫీసు వాళ్లిచ్చే గ్రూప్ పాలసీల్లో మొదటి రోజు నుంచే ఉండొచ్చు, కానీ బిడ్డ పేరు హెచ్‌ఆర్‌కు చెప్పి చేర్పించాలి.

ఇక డిశ్చార్జి రోజు ఎదురుచూపులు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టిన నిబంధన ప్రకారం ఆస్పత్రి డిశ్చార్జి అభ్యర్థన పంపిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ తుది అనుమతి తేల్చాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. అందుకే "ఫైలు ఎన్ని గంటలకు పంపారు?" అని అడిగి ఆ టైం నోటుబుక్కులో రాసుకోండి. చాలాసార్లు ఆలస్యం ఇన్సూరెన్స్ దగ్గర కాదు, ఫైలు ఆస్పత్రి దాటకపోవడం దగ్గర.

తప్పు కనపడితే ఎలా అడగాలి?

మొత్తం మీద "ఇంత ఎందుకైంది?" అంటే ఎవరూ జవాబు చెప్పలేరు. వరుస మీద వేలు పెట్టి అడగండి: "బాబూ, పద్దెనిమిదో తారీఖు మూడు సీబీపీలున్నాయి, రిపోర్టులు రెండే వచ్చాయి, ఒకసారి చూస్తావా?" కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు రేట్లు పెట్టినవాడు కాదు. అతని మీద అరిస్తే పని ఆగుతుంది. అక్కడ తేలకపోతే బిల్లింగ్ మేనేజర్, తర్వాత మెడికల్ సూపరింటెండెంట్. డాక్టర్ విజిట్ల లెక్కలో తేడా ఉంటే కేస్ షీటులో ఆయన రాసిన నోట్స్ చూడమనండి. చూసినట్టు రాయని విజిట్‌కు ఫీజు వేస్తే అక్కడే బయటపడుతుంది.

అయినా తేలలేదు, పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్లాలి అనుకోండి. కట్టేసి, అభ్యంతరం ఉన్న వరుసలను రాసి ఒక లెటర్ ఇచ్చి, దాని కాపీ మీద ముద్ర వేయించుకోండి. బిల్లు బాకీ ఉందని పేషెంటును ఆపి ఉంచడం రోగుల హక్కుల పత్రానికి విరుద్ధం. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 5 లక్షల లోపు కేసులకు కమిషన్‌లో ఫీజు లేదు. గొడవ ఇన్సూరెన్స్‌తో అయితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, నెలలో తేలకపోతే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విచారించే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. హైదరాబాద్‌లో ఆ ఆఫీసు ఉంది.

నగదు కట్టేవాళ్లకు ఒక హెచ్చరిక: ఒకే చికిత్సకు 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. బంధువుల దగ్గర చేబదులు తెచ్చినా యూపీఐలోనో చెక్కులోనో కట్టండి.

బయటకు వచ్చే ముందు

ఫైనల్ బిల్లు, బ్రేకప్, కట్టిన ప్రతి అడ్వాన్స్ రసీదు, డిశ్చార్జి సమ్మరీ, రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్లు. అన్నీ ముద్ర, సంతకంతో ఒరిజినల్స్ తీసుకోండి, ఇంటికొచ్చాక స్కాన్ చేసుకోండి. ఆఫీసు రీయింబర్స్‌మెంట్‌కు గానీ, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌కు పెట్టడానికి గానీ ఒరిజినల్సే అడుగుతారు. పిల్లాడి పేరు స్పెల్లింగ్, వయసు అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. పసిబిడ్డకు "బేబీ ఆఫ్" అని తల్లి పేరుతో ఫైలు తెరుస్తారు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటుంది. క్లెయిమ్ ఆ ఒక్కదానికే వెనక్కి వచ్చిన ఇళ్లు నాకు తెలుసు.

వారం తర్వాత రివ్యూకు వెళ్లి చేయించిన సీబీపీ రసీదు కూడా అదే కవర్లో వేయండి. డిశ్చార్జి తర్వాత కొన్ని రోజుల ఖర్చులు కూడా చాలా పాలసీలు ఇస్తాయి. 30 రోజులా, 60 రోజులా అన్నది మీ పాలసీలో చూసుకోండి.