జైరోప్లేన్ పాఠాలు – 7: చక్రాలు నేలకు తగిలాక

ఈసారి జైరోప్లేన్ (తల మీద గాలికి తిరిగే రోటర్, అంటే పొడవాటి బ్లేడ్లతో ఎగిరే చిన్న విమానం) టేకాఫ్ గురించి రాద్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు మీ జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. ప్రశ్న ఇదీ: ఎడమ నుంచి పక్కగాలి వీస్తోంది, వెనక చక్రాలు రెండూ రన్‌వేకు తగిలాయి, ఇప్పుడేం చేస్తారు? చాలామంది స్టిక్ (రోటర్‌ను అటూ ఇటూ వాల్చే చేతికర్ర) ముందుకు తోసి, బ్రేక్ వేసి, రన్‌వే పక్కకు తిప్పేస్తామన్నారు. చదువుతుంటే నాకే టెన్షన్ పట్టుకుంది. ఆ మూడు పనుల్లో ఏ ఒక్కటి చాలు, బండి పక్కకు ఒరిగిపోవడానికి.

ఎంత వేగంతో దిగాలి, ఫ్లేర్ (నేలకు తగిలే ముందు ముక్కు ఎత్తి వేగం తగ్గించడం) ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మళ్లీ చెప్పను. అవి ట్రైనర్ పక్కన కూర్చుంటేనే పట్టుబడతాయి.

జైరోప్లేన్ రోటర్‌ను గాల్లో తిప్పేది ఇంజన్ కాదు, కింది నుంచి వచ్చే గాలి. కాబట్టి చక్రాలు నేలకు తగిలినంత మాత్రాన, థ్రాటిల్ మూసినంత మాత్రాన అది ఆగదు. ఆ క్షణంలో బరువులో చాలా భాగం ఇంకా రోటరే మోస్తుంటుంది. టైర్ల మీద బరువు లేనప్పుడు బ్రేక్ పట్టేదెక్కడ? అక్కడ అసలు బ్రేక్ రోటరే. వేగం తగ్గేకొద్దీ స్టిక్‌ను మెల్లగా వెనక్కి తెస్తూ పోతే డిస్క్ (తిరిగే బ్లేడ్లు గీసే వలయం) వెనక్కి వాలి బండిని నిలబెడుతుంది. ఒక్కసారిగా లాగారో, మళ్లీ గాల్లోకి లేస్తుంది. చక్రాల బ్రేక్‌ను నేను బండి దాదాపు ఆగేదాకా ముట్టుకోను.

ఇక ముక్కు చక్రం. జవాబుల్లో దీని గురించి దాదాపు ఎవరూ రాయలేదు, అందుకే కాస్త విసుగ్గానే విడమరచి చెబుతున్నాను. చాలా జైరోప్లేన్లలో ముక్కు చక్రం పెడల్స్‌కే కలిపి ఉంటుంది. పెడల్స్ తిప్పే రడ్డర్ (తోక మీది నిలువు పలక) ఎటు తిరిగితే చక్రమూ అటే. ఎడమ నుంచి గాలి ఉంటే బండి కుడికి కొట్టుకుపోకుండా స్టిక్ ఎడమకు పెడతారు, ముక్కు రన్‌వేకు సూటిగా ఉండేందుకు కుడి పెడల్ తొక్కుతారు. అంతవరకు సరే. కానీ మీరు కుడి పెడల్ తొక్కి ఉన్నంతసేపూ గాల్లో ఉన్న ఆ ముక్కు చక్రం కుడికి తిరిగే ఉంది. అలాగే నేలకు తగిలిందా, బండి చటుక్కున కుడికి లాగేస్తుంది. పైనున్న బరువు మాత్రం వచ్చిన దారినే పోతుంటుంది, అంటే బండి ఎడమకు ఒరుగుతుంది. స్టిక్ ఎడమకే ఉంది కాబట్టి రోటర్ కూడా అటే లాగుతుంది. జైరోప్లేన్‌లో బరువంతా ఎత్తున, చక్రాలేమో దగ్గరదగ్గరగా. రెండూ ఒకే వైపు లాగితే నిలవదు. ఆ పైన బ్లేడు నేలను కొడుతుంది. 8.4 మీటర్ల రోటర్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంటే బ్లేడు కొస వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. తర్వాత మిగిలేదేమిటో ఊహించుకోండి.

మందు ఒక్కటే: ముక్కు చక్రాన్ని వీలైనంతసేపు గాల్లోనే ఉంచాలి, అది దిగే ముందు పెడల్స్ నడిమికి తేవాలి. "కాళ్లు సమం" అని నేను పైకే అంటాను. పక్కనున్నవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. అసలు గాలి ఎదురుగా ఉండే వేరే రన్‌వే దొరికితే పక్కగాలి జోలికే పోను.

బండి ఆగాక స్టిక్ ముందుకు తెచ్చి డిస్క్‌ను సమం చేసి, గాలి వచ్చే వైపు కొద్దిగా వంచండి. రోటర్ నెమ్మదించేదాకా తిరగొద్దు. ఇంకా జోరుగా తిరుగుతుండగా మలుపు తీసుకుంటే ఒక గాలి విసురు డిస్క్ కిందికి దూరి బండిని ఎత్తేస్తుంది. బాగా నెమ్మదించాక ఇంకో బాధ. బ్లేడ్లను బిగుతుగా పట్టి ఉంచేది తిరిగే వేగమే. అది సగానికి పడితే ఆ బిగువు నాలుగో వంతే మిగులుతుంది. అప్పుడు గాలి వీపు వైపు నుంచి వస్తే బ్లేడు ఎగిరెగిరి తోకకు తగలొచ్చు.

అభ్యాసం: కుర్చీలో కూర్చోండి. చేతిలో కర్ర, పాదాల కింద రెండు పుస్తకాలు. కళ్లు మూసుకుని, ఒకరిని "ఎడమ గాలి", "చక్రాలు తగిలాయి", "ముక్కు దిగుతోంది", "ఆగింది", "వెనక గాలి" అని చెప్పమనండి. వరస తప్పించి, మీకు చిరాకొచ్చేంత తొందరగా చెప్పాలి. "ముక్కు దిగుతోంది" అనగానే పాదాలు వాటంతటవే నడిమికి వచ్చేదాకా కుర్చీ దిగొద్దు. ఆ తర్వాత కుడి గాలికి పైన చెప్పిందంతా తిరగేసి రాసి పంపండి. బండి ఎటు ఒరుగుతుందో, ఎందుకో కూడా అందులో ఉండాలి.