ఆట కడదాం రండి – 4వ పాఠం: ముందు ప్రశ్న సరిగ్గా అడగండప్పా

నలుగురు కూర్చుని, తలా ఒక పాత్ర వేసుకుని, నోటితో కథ చెప్పుకుంటా ఆడే ఆటలు (రోల్ ప్లేయింగ్ ఆటలు) కడతా ఉండాం కదా, పోయిన పాఠంలో ఆ కథ జరిగే లోకాన్ని ఆడేవాళ్ళ చేతనే కట్టించండి అని చెప్పి వదిలేసినా, చాలామంది అదే కంప్లైంటు పెట్టినారు, నలుగురు కూర్చుంటే నాలుగు రాజ్యాలొచ్చినాయంట, ఒకడిది మంచుకోట, ఇంకొకడిది ఎడారిలో డ్రాగన్ల సంత, ఎవురి రాజ్యం వాళ్ళదే, ఒకరితో ఒకరికి పనే లేదు. అందుకే ఈసారి చెప్తానన్న యుద్ధం రూల్స్ పక్కన పెట్టేస్తా ఉండా. డైసు, క్యారెక్టర్ షీటు (మన పాత్ర వివరాలు రాసుకునే కాగితం) మీకు తెలిసినవే.

1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇట్లాంటి ఆట వచ్చినప్పట్నుంచీ లోకం సంగతంతా ఎక్కువగా ఆట నడిపేవాడే చూసుకుంటా ఉండాడు. మనం ఆ పని పంచుతా ఉండాం. కానీ పంచడమంటే "నీ లోకంలో ఏముందో చెప్పు" అని అడగడం కాదు, ఆ ప్రశ్న వింటేనే నాకు ఒళ్ళు మండుతాది. సిగ్గుపడేవాడు నోరు తెరవడు, మాటకారి నోరు మూయడు.

సగం సంగతి ప్రశ్నలోనే పెట్టేయాల. "పొద్దు గుంకినాక ఊరోళ్ళు కోనేటి పక్కకి ఎందుకు పోరు?" అనండి. ఊరు, కోనేరు, భయం మీరే ఇచ్చేసినారు, వాళ్ళు కారణం చెప్తే చాలు. "మునిగిపోయిన గుడిలో గంట మోగతాది, విన్నోళ్ళు సొంత పేరు మర్చిపోతారు" అని ఒకరంటే, ఆన్నే ఆపకుండా పక్కనోడి వైపు తిరగండి: "మీ ఇంట్లో పేరు మర్చిపోయిందెవురు?" మూడో మనిషిని: "ఆ గంట మోగితే లాభం ఎవురికి?" ఇంక ముగ్గురూ ఆ కోనేటికే కట్టుబడిపోయినారు.

తిరపతోళ్ళకి ఇంకా సులువు. పాలెగాడు దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషం కట్టి వెతికి, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించింది అని జాతరప్పుడు చెప్పుకుంటాం కదా. మరి వాణ్ణి అన్ని రోజులు ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిందెవురు? అట్లాంటి సందు వెతకండి.

ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేయకూడదు, దాని మీద కలపొచ్చంతే. ఎవురికన్నా మనసుకి ఇబ్బందైతే మాత్రం ఎందుకని అడక్కుండా దాన్ని తీసేయండి. మ్యాపు నేనైతే బిల్లు కాగితం వెనకాల గీస్తా, మూడు చోట్లకి మించి పేర్లు పెట్టను, మిగిలింది ఖాళీ.

ప్రాక్టీసు: ఇట్లాంటివి ఇరవై ప్రశ్నలు రాయండి, అవును, కాదు అని తేల్చేసేది ఒక్కటీ ఉండకూడదు. వాటిని ఈ ఆటల ముఖమే చూడనోళ్ళని, టీ కొట్టుకాడ ఎవురినైనా సరే, అడగండి. "ఏమో ప్పా" అన్నారా, ఆ ప్రశ్న చించేసి ఇంకోటి రాయండి.